వర్క్‌షాప్ పనికి కోణం కొలిచే పరికరాన్ని ఎంచుకోవడం, పరీక్షించడం, వాడడం

చెక్క పని సొంతంగా చేసుకునేవారు, ఐటీఐ పూర్తిచేసి చిన్న వెల్డింగు షెడ్డు పెట్టుకున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. డిజిటల్ కోణమానిని కొనాలా, మామూలు మూలమట్టం (90 డిగ్రీలు చూసే ఎల్ ఆకారపు పరికరం) సరిపోతుందా అని. మీరు చేసే పని ఏమిటో, అందులో ఎంత తప్పు పడినా ఫరవాలేదో తెలియకుండా దీనికి జవాబు చెప్పడం కుదరదు.

అందుకే ఈ మార్గదర్శిని ఒక క్రమంలో రాశాను: ముందు లెక్క, తరువాత పరికరం, తరువాత దుకాణంలో పరీక్ష, చివరగా వాడకం. ముందు పరికరం కొని తరువాత లెక్క చూసుకున్నవారు సాధారణంగా రెండోసారి కొనవలసి వస్తుంది.

1. మీ పని ఎంత తప్పును భరిస్తుందో లెక్కవేయండి

కోణంలో పడిన తప్పు చిన్న ముక్క మీద కనబడదు, పొడవు పెరిగిన కొద్దీ బయటపడుతుంది. కాబట్టి డిగ్రీలను వదిలి, ముక్క చివర ఎన్ని మిల్లీమీటర్లు తప్పుతుందో చూడాలి. ఒక మీటరు పొడవు చివర పడే తేడాలు ఇవి:

- 1 డిగ్రీ తప్పితే సుమారు 17.5 మి.మీ.
- అర డిగ్రీ తప్పితే సుమారు 8.7 మి.మీ.
- 0.2 డిగ్రీ తప్పితే సుమారు 3.5 మి.మీ.
- 0.1 డిగ్రీ తప్పితే సుమారు 1.75 మి.మీ.
- 5 నిమిషాలు తప్పితే సుమారు 1.45 మి.మీ. (ఒక డిగ్రీకి 60 నిమిషాలు)
- 1 నిమిషం తప్పితే సుమారు 0.3 మి.మీ.

మీ ముక్క 300 మి.మీ. అయితే పై అంకెలను 0.3తో గుణించండి. సొరుగు పక్కపలక 300 మి.మీ. ఉందనుకుంటే, 0.1 డిగ్రీ తప్పు అక్కడ అర మిల్లీమీటరు. సొరుగు అయినా సరే, అర మిల్లీమీటరు సర్దుకుపోతుంది. అదే 0.1 డిగ్రీ తప్పు ఏడడుగుల ద్వారబంధం మీద దాదాపు 3.7 మి.మీ. అవుతుంది, అప్పుడు తలుపు రెక్క కింద గీసుకుంటుంది.

తరువాత అతుకుల సంఖ్య చూడండి. తప్పు ప్రతి కోతలోనూ ఒకే వైపుకు పడితే అదంతా పోగవుతుంది. నాలుగు మూలల పటం చట్రానికి ఎనిమిది కోతలు, ఆరు పలకల చట్రానికి పన్నెండు, ఎనిమిది పలకల చట్రానికి పదహారు కోతలు ఉంటాయి.

నేను టేకుతో ఎనిమిది పలకల బల్ల చట్రం చేసినప్పుడు ఈ లెక్క వేయలేదు. 0.05 డిగ్రీ వరకు చూపే రెండు చేతుల డిజిటల్ కోణమానినితో 22.5 డిగ్రీలు పెట్టి పదహారు కోతలూ కోశాను. ఆ పరికరం 22.5 అని చూపినప్పుడు నిజమైన కోణం 22.3. ఏడు అతుకులూ వెంట్రుక దూరనంత బిగువుగా కలిశాయి. ఎనిమిదో అతుకు దగ్గర లోపలి మూలలు తాకాయి గానీ, బయటి వైపు నాలుగున్నర మిల్లీమీటర్ల సందు నోరు తెరుచుకుంది. 0.2ను 16తో గుణిస్తే 3.2 డిగ్రీలు; 75 మి.మీ. వెడల్పు పట్టీ మీద అది అంతే అవుతుంది. ఏ ఒక్క అతుకునూ విడిగా చూస్తే తప్పు కనబడదు, అంతా చివరి అతుకులోకి చేరుతుంది.

ఇక ఎంపికకు ఒక కొలబద్ద: మీ పని భరించగల తప్పులో నాలుగో వంతుకు మించి పరికరం తప్పకూడదు. పని 0.2 డిగ్రీని భరిస్తుందంటే పరికరం 0.05 డిగ్రీ, అంటే 3 నిమిషాల లోపు నమ్మదగినదిగా ఉండాలి.

కొనడానికి బయలుదేరే ముందు కాగితం మీద రాసుకోవలసినవి:

- నేను ఎక్కువగా చేసే ముక్క పొడవు ఎంత?
- చివర ఎన్ని మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు?
- ఒక వస్తువులో ఒకే కోణపు కోతలు ఎన్ని?
- నాకు కావలసింది 90, 45 మాత్రమేనా, వేరే కోణాలు కూడానా?
- కోణాన్ని అంకెలో తెలుసుకోవాలా, ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకెళ్తే చాలా?

చివరి ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. పాత ఇంటి గోడమూలకు అల్మరా అమర్చేటప్పుడు ఆ మూల 88.6 డిగ్రీలా 91.2 డిగ్రీలా అన్నది తెలియనవసరం లేదు. ఆ కోణాన్ని జారుడు బెవెల్‌లో (అంకెలు లేకుండా కోణాన్ని పట్టి ఉంచే పరికరం) బిగించి తెచ్చి పలక మీద గీస్తే చాలు. అంకె చదివి, ఆ అంకెను మళ్లీ రంపానికి పెట్టే పనిలో రెండుసార్లు తప్పు చొరబడుతుంది.

2. చూపే అంకె వేరు, కచ్చితత్వం వేరు

పెట్టె మీద రాసే అంకెలు రెండు రకాలు. పరికరం ఎంత చిన్న తేడాను చూపగలదో చెప్పేది ఒకటి. ఐటీఐలో దీన్నే లీస్ట్ కౌంట్ అని నేర్పుతారు. చూపిన అంకె నిజానికి ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పేది రెండోది. పెట్టె ముందుభాగంలో పెద్ద అక్షరాలతో ఉండేది సాధారణంగా మొదటిదే.

తెరమీద 0.05 డిగ్రీ చూపే చవక డిజిటల్ గేజ్‌ల కాగితంలో ±0.2 డిగ్రీ అని ఉండడం మామూలే. అంటే 45.00 అని చూపినప్పుడు నిజమైన కోణం 44.8 నుంచి 45.2 వరకు ఏదైనా కావచ్చు. లోపల ఉన్న కాగితం తెరిచి ± గుర్తు పక్కన ఉన్న అంకెను చదవండి. అసలు ఆ అంకె ఎక్కడా రాయని పరికరాన్ని వదిలేయండి.

మూడోది కూడా ఉంది, దాన్ని ఏ పెట్టె మీదా రాయరు: ఒకే కోణాన్ని పదిసార్లు కొలిస్తే పదిసార్లూ ఒకే అంకె వస్తుందా? పరికరం ఎప్పుడూ 0.2 ఎక్కువే చూపిస్తుంటే దాన్ని తెలుసుకుని తీసివేయవచ్చు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపే పరికరానికి మందు లేదు.

3. పనికి తగిన పరికరం

*మూలమట్టం, ట్రై స్క్వేర్.* వర్క్‌షాప్ పనిలో ఎక్కువ భాగం 90 డిగ్రీలే. అందువల్ల మొదటి డబ్బు మంచి స్టీలు ట్రై స్క్వేర్ మీద పెట్టండి. 150 మి.మీ. బ్లేడు ఉన్నది ఇంటి పనికీ, చిన్న షెడ్డుకూ సరిపోతుంది. చెక్క పిడి ఉన్న మూలమట్టం చేతికి హాయిగా ఉంటుంది గానీ, వానాకాలంలో చెక్క ఉబ్బి కొంచెం కదులుతుంది. దాన్ని గీతలు కొట్టడానికి ఉంచుకుని, పరీక్షకు స్టీలుదే వాడండి.

ఫిట్టింగు పనికి కొనేవారు గ్రేడు చూడాలి. భారత ప్రమాణం ఐఎస్ 2103 ఈ స్క్వేర్లకు సంబంధించినదే. బజారులో జర్మన్ ప్రమాణం డీఐఎన్ 875 పేరుతో కూడా దొరుకుతాయి. డీఐఎన్ 875 ప్రకారం 150 మి.మీ. స్క్వేర్ చివర అనుమతించే తప్పు గ్రేడు 0లో 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), గ్రేడు 1లో 17.5 మైక్రాన్లు, గ్రేడు 2లో 35 మైక్రాన్లు. చెక్క పనికి గ్రేడు 2 కూడా అవసరానికి మించినదే.

*కాంబినేషన్ స్క్వేర్.* 90, 45 రెండూ ఉండే తల స్కేలు మీద జారుతుంది. ఒకే ఒక పరికరం కొనగలిగితే ఇదే కొనమంటాను, లోతు చూడడానికీ, అంచుకు సమాంతరంగా గీయడానికీ కూడా పనికొస్తుంది. దీని బలహీనత స్కేలు జారే గాడి. గాడి అరిగినా, అందులో రజను చేరినా స్క్వేర్ తప్పుతుంది. చవక వాటిలో మరను బిగించేటప్పుడే తల ఒరిగిపోతుంది.

*జారుడు బెవెల్.* దీనిలో అంకెలు ఉండవు. ఉన్న కోణాన్ని పట్టుకుని మరోచోట గీయడమే దీని పని. మర బిగించాక మళ్లీ అసలు మూలకు ఆనించి చూడండి, బిగింపులో కదలని బెవెల్ దొరికితే వదలకండి.

*స్టీలు కోణమానిని.* అర్ధవృత్తపు రేకు, తిరిగే చెయ్యి ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి గీత ఉంటుంది, కంటితో అర డిగ్రీ వరకు నమ్మవచ్చు. వెల్డింగులో గసెట్ పలకలకు (అతుకు మూలలను బలపరిచే రేకులు), రేకుల షెడ్డు వాలుకు చాలు. పటం చట్రానికి చాలదు.

*రెండు చేతుల డిజిటల్ కోణమానిని.* రెండు స్కేళ్లు ఒక కీలు మీద తిరుగుతాయి, మధ్యకోణం తెరమీద పడుతుంది. ఏ తలంలోనైనా కొలుస్తుంది. సున్నా చేసే ముందు రెండు చేతులనూ చదునైన గాజు పలక మీద మూసి పెట్టాలి. చేతుల అంచులే వంకరగా ఉంటే తెరమీద ఎన్ని దశాంశాలున్నా ఉపయోగం లేదు.

*అయస్కాంతపు డిజిటల్ గేజ్.* చిన్న డబ్బాలా ఉండి ఇనుముకు అతుక్కుంటుంది. ఇది భూమ్యాకర్షణ దిశను ఆధారం చేసుకుని వాలును కొలుస్తుంది. అందువల్ల బల్ల మీద పడుకోబెట్టిన రెండు ముక్కల మధ్య కోణాన్ని ఇది కొలవలేదు. ఈ సంగతి తెలియక, మైటర్ రంపం (చెక్కను కోణంలో కోసే యంత్రం) బల్ల కోణం చూడడానికి దీన్ని కొన్నవారు నిరాశపడతారు. బ్లేడు వాలు, డ్రిల్లింగ్ మెషిన్ బల్ల వాలు, ట్రస్ (పైకప్పును మోసే చట్రం) వాలు చూడడానికి మాత్రం ఇంతకంటే వేగమైనది లేదు.

*వెర్నియర్ బెవెల్ ప్రొట్రాక్టర్.* లోహపు పనికి ఇది అసలైన పరికరం. వెర్నియర్‌లో 12 భాగాలు ప్రధాన స్కేలు మీది 23 డిగ్రీలతో సమానం. ఒక్కొక్క భాగం 1 డిగ్రీ 55 నిమిషాలు, రెండు డిగ్రీలకు 5 నిమిషాలు తక్కువ. అందుకే దాని లీస్ట్ కౌంట్ 5 నిమిషాలు. ప్రధాన స్కేలు 28 దాటి, వెర్నియర్‌లో ఏడో గీత ఎదుటి గీతతో కలిస్తే కోణం 28 డిగ్రీల 35 నిమిషాలు.

వెర్నియర్ సున్నాకు రెండు వైపులా గీతలు ఉంటాయి. ప్రధాన స్కేలు అంకెలు ఏ వైపుకు పెరుగుతున్నాయో ఆ వైపు గీతలనే చదవాలి. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

*సైన్ బార్.* ఇది స్లిప్ గేజ్‌లు (కచ్చితమైన ఎత్తుగల స్టీలు దిమ్మలు), సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా చదునైన పలక) ఉన్న టూల్‌రూమ్ పని. 200 మి.మీ. బార్ ఒక చివర కింద 100 మి.మీ. ఎత్తు పెడితే కోణం కచ్చితంగా 30 డిగ్రీలు. ఎత్తులో 0.01 మి.మీ. తప్పితే అక్కడ కోణం 12 సెకన్లే తప్పుతుంది. 45 డిగ్రీలు దాటితే ఈ పొరపాటు వేగంగా పెరుగుతుంది కాబట్టి అంతకు మించి వాడరు. ఇంటి వర్క్‌షాప్‌కు దీని అవసరం లేదు.

*ఫోన్ యాప్.* ఫోన్ వెనుక కెమెరా ఉబ్బు, అట్ట, గుండ్రని అంచులు ఇవన్నీ అడ్డమే. అతుకుల పనికి వాడవద్దు.

ఇక ఏ పనికి ఏవి అంటే:

- చెక్క పెట్టెలు, సొరుగులు, పటాలు: 150 మి.మీ. ట్రై స్క్వేర్, 300 మి.మీ. కాంబినేషన్ స్క్వేర్, ఒక బెవెల్.
- గేట్లు, గ్రిల్లులు, షెడ్డు ట్రస్‌లు: పెద్ద ఎల్ ఆకారపు స్టీలు మట్టం, అయస్కాంతపు గేజ్, మంచి టేపు.
- లేత్, మిల్లింగు, ఫిట్టింగు: గ్రేడు 1 స్క్వేర్, వెర్నియర్ బెవెల్ ప్రొట్రాక్టర్.
- ద్వారబంధాలు, కిటికీ చట్రాలు: టేపు.

చివరి వరుసలో పొరపాటు లేదు. 2100 × 900 మి.మీ. బంధంలో ఎదురెదురు పట్టీలు సమానంగా ఉన్నాయని చూసుకున్నాక, మూల 0.1 డిగ్రీ తప్పినా రెండు కర్ణాల మధ్య దాదాపు 3 మి.మీ. తేడా వస్తుంది. అంత తేడాను మామూలు టేపుతోనే పట్టుకోవచ్చు. ఆ మూలలో 150 మి.మీ. మూలమట్టం పెడితే అదే తప్పు పావు మిల్లీమీటరు సందుగా మాత్రమే కనబడుతుంది. పెద్ద చట్రానికి పొడవే మంచి పరికరం.

4. దుకాణంలోనే పరీక్షించండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణంలో కొన్నా ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. ఒక అంచు తిన్నగా ఉన్న ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన) పలక, పదునైన చాకు, స్టీలు స్కేలు, ఫోన్ లైటు సంచిలో వేసుకుని వెళ్లండి. కొనే ఉద్దేశం ఉందని ముందే చెప్పి, పరికరాన్ని పాడుచేయకుండా చూస్తానంటే కాదనే దుకాణదారులు తక్కువ.

*తిప్పి గీసే పరీక్ష:*

1. పలక అంచు తిన్నగా ఉందో లేదో ఇంట్లోనే స్టీలు స్కేలు ఆనించి, వెనుక లైటు పెట్టి చూసుకోండి. అంచు వంకరైతే పరీక్ష మొత్తం అబద్ధం.
2. మూలమట్టం దిమ్మను అంచుకు గట్టిగా ఆనించి, బ్లేడు పొడవునా చాకుతో సన్నని గీత గీయండి. పెన్సిల్ గీతకే అర మిల్లీమీటరు మందం ఉంటుంది.
3. మూలమట్టాన్ని బోర్లా తిప్పి, గీత మొదలైన చోటే బ్లేడును కలిపి, రెండో గీత గీయండి.
4. రెండు గీతలూ ఒకటైతే మూలమట్టం సరిగా ఉంది. చివర విడిపోతే ఆ సందులో సగం దాని తప్పు.

ఉదాహరణకు 300 మి.మీ. బ్లేడు చివర రెండు గీతల మధ్య అర మిల్లీమీటరు ఉంటే, తప్పు పావు మిల్లీమీటరు, అంటే సుమారు 3 నిమిషాలు. చెక్క పనికి దాన్ని తీసుకోవచ్చు. ఒక మిల్లీమీటరు విడిపోతే పక్కన పెట్టి మరొకటి చూపమనండి. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు మూలమట్టాల మధ్య కూడా తేడా ఉంటుంది, అందుకే నమూనా చూసి, బిల్లు చేసేటప్పుడు వేరొకటి తీసుకోవద్దు. చేతిలో పరీక్షించినదే సంచిలో వేయండి.

ఇది బయటి కోణపు పరీక్ష. లోపలి కోణం కూడా కావాలంటే, బయటి కోణం సరిగా వచ్చిన రెండో స్క్వేర్‌ను లోపల పెట్టి, లైటు ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు సన్నని దారంలా పై నుంచి కింది దాకా ఒకే మందంగా ఉంటే మంచిది. ఒక చివర వెడల్పై మరో చివర మూసుకుపోతే లోపలి కోణం తప్పింది.

*45 డిగ్రీలకు:* ఒకే అంచు నుంచి ఎడమకు ఒక గీత, కుడికి ఒక గీత ఒకదాన్నొకటి దాటేలా గీయండి. ఆ రెండూ 90 డిగ్రీలలో కలవాలి. అప్పుడే పరీక్షించిన 90తో చూడండి. ఇక్కడ కూడా కనబడే తప్పు అసలుకు రెండింతలు.

*అయస్కాంతపు గేజ్‌కు:* కౌంటర్ గాజు మీద పెట్టి అంకె చదవండి, సున్నా నొక్కవద్దు. అదే చోట పరికరాన్ని 180 డిగ్రీలు తిప్పి పెట్టి మళ్లీ చదవండి. ఒక వైపు 0.4 వాలు చూపితే, తిప్పాక ఎదురు వైపు 0.4 చూపాలి. ఒకసారి 0.4, మరోసారి 0.8 వస్తే తేడా 0.4లో సగం, అంటే 0.2 దాని సొంత సున్నా తప్పు. తరువాత పదిసార్లు ఎత్తి పెట్టి చూడండి. అంకె 0.1కి మించి ఊగిసలాడితే తీసుకోవద్దు.

దుకాణంలో చూడవలసిన మిగతావి:

- బ్లేడు, దిమ్మ కలిసే చోట కదలిక ఉందా?
- అంకెలు అచ్చువేసినవా, చెక్కినవా? అచ్చు అంకెలు ఏడాదిలో చెరిగిపోతాయి.
- అంచుల మీద గరుకు తగులుతోందా? గోరుతో మెల్లగా రాసి చూడండి.
- డిజిటల్ అయితే దాని బ్యాటరీ మీ ఊళ్లో దొరికే రకమేనా?

5. ఇంట్లో మీ సొంత ప్రమాణాన్ని తయారుచేసుకోండి

90, 45 కాకుండా వేరే కోణాలలో పరికరం నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక ప్లైవుడ్ పలక, టేపు చాలు. నా బల్ల చట్రం పాడయ్యాక మొదట చేసుకున్నది ఇదే.

1. పలక మీద సరిగ్గా 1000 మి.మీ. ఆధార రేఖను చాకుతో గీయండి.
2. దాని ఒక చివర లంబం లేపండి. చిన్న మూలమట్టాన్ని నమ్మకుండా 3-4-5 పద్ధతి వాడండి: ఆధారం మీద 800, లంబం మీద 600 కొలిచి, ఆ రెండు బిందువుల మధ్య కచ్చితంగా 1000 మి.మీ. వచ్చేవరకు సరిచేయండి.
3. లంబం మీద మీకు కావలసిన కోణపు ఎత్తును గుర్తించండి: 10 డిగ్రీలకు 176.3, 15కు 267.9, 22.5కు 414.2, 30కి 577.4 మి.మీ.
4. ఆ బిందువును ఆధార రేఖ రెండో చివరతో కలపండి. అక్కడ ఏర్పడేదే మీ కోణం.

22.5 దగ్గర ఎత్తు అర మిల్లీమీటరు తప్పినా కోణం ఒకటిన్నర నిమిషమే తప్పుతుంది. మామూలు టేపుతో చేసిన ఈ పలక చాలా డిజిటల్ కోణమానినుల కంటే నమ్మదగినది. ఆధార రేఖను 500 మి.మీ.కు తగ్గిస్తే తప్పు రెండింతలవుతుంది, కాబట్టి చోటు చాలకపోయినా మీటరు కంటే తగ్గించవద్దు.

టేపు విషయంలో ఒక జాగ్రత్త. టేపు చివరి కొక్కెం వదులుగా ఉంటుంది, ఈ పనికి కొక్కెం వదిలి 100 మి.మీ. గుర్తు నుంచి కొలవడం మొదలుపెట్టండి. చివర్లో ఆ 100 తీసివేయడం మరవద్దు.

ధ్రువపత్రం అవసరమయ్యే పనులు చేసేవారు, అంటే కంపెనీలకు విడిభాగాలు ఇచ్చేవారు, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో కాలిబ్రేషన్ (ప్రమాణంతో పోల్చి తప్పు తేల్చడం) చేయించుకోవాలి. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) వంటి టూల్‌రూమ్ సంస్థల వద్ద విచారించవచ్చు. పత్రంలో ‘సరిగా ఉంది’ అన్న మాటతో ఆగకుండా, ఏ కోణం దగ్గర ఎంత తప్పు ఉందో అంకెలు చూడండి.

6. వాడే క్రమం: టేబుల్ రంపం మీద 45 డిగ్రీలు పెట్టడం

అయస్కాంతపు గేజ్‌తో చేసే ఈ పనిలో వరుస ముఖ్యం.

1. ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదు.
2. బల్ల మీది పొట్టు తుడవండి. గేజ్ 60 మి.మీ. పొడవుంటే, ఒక చివర కింద 0.1 మి.మీ. రజను చేరినా దాదాపు 0.1 డిగ్రీ తప్పు.
3. గేజ్‌ను బ్లేడుకు అడ్డంగా బల్ల మీద పెట్టి సున్నా నొక్కండి. దీనితో నేల వాలుకు సంబంధం తెగిపోతుంది.
4. బ్లేడును పూర్తిగా పైకి లేపి, గేజ్‌ను బ్లేడు చదును భాగానికి అతికించండి. పళ్ల మీదకు, రాతల మీదకు రాకూడదు.
5. గేజ్ అడుగు అంచు బల్లకు సమాంతరంగా ఉండాలి. పక్కకు తిరిగితే వాలు తక్కువగా చూపుతుంది.
6. కోణాన్ని ఎప్పుడూ ఒకే దిశ నుంచి సమీపించండి. 45 దాటిపోతే వెనక్కి కొంచెం కాకుండా, 40కి తెచ్చి మళ్లీ పైకి రండి. మరలో ఉన్న ఆట అప్పుడే తీరుతుంది.
7. బ్లేడును చేత్తో అరచుట్టు తిప్పి మళ్లీ చదవండి. అంకె మారితే బ్లేడు వంగింది.
8. బిగించాక మరోసారి చదవండి.

ఇంత చేసినా చివరి తీర్పు పనికిరాని చెక్క ముక్క మీద కోసిన కోతదే. 90కి ఇలా చూడండి: సమాంతర అంచులున్న పట్టీని మధ్యలో కోసి, ఒక సగాన్ని బోర్లించి, కోసిన ముఖాలను కలిపి, రెండింటి కింది అంచులనూ తిన్నని స్కేలుకు ఆనించండి. సందు కనబడితే అది బ్లేడు తప్పుకు రెండింతలు. 45కు రెండు ముక్కలు కోసి కలిపి, లోపల ట్రై స్క్వేర్ పెట్టండి.

పటం చట్రాలు తరచుగా చేసేవారికి నా సలహా, 45ను వెంటాడడం మానేయండి. ఒక పలక మీద రెండు పట్టీలను పరస్పరం సరిగ్గా 90 డిగ్రీలలో బిగించి జిగ్ (ముక్కను ఆనించి కోసే ఆధారం) చేసుకోండి. ఒక ముక్కను ఎడమ పట్టీకి, దాని జతను కుడి పట్టీకి ఆనించి కోయండి. ఒకటి 44.8 వచ్చినా రెండోది 45.2 వస్తుంది, కలిపితే 90. నిర్ధారించడం తేలికైన కోణం 90 కాబట్టి దానినే ఆధారం చేసుకోవడం మంచిది.

7. తరచుగా జరిగే తప్పులు, వాటికి దిద్దుబాట్లు

*ఎనిమిది పలకల చట్రంలో చివరి అతుకు కలవడం లేదు.* అన్నిటినీ ఒకేసారి అతికించవద్దు. నాలుగేసి ముక్కలతో రెండు సగాలు చేయండి. జిగురు ఆరాక ఒక్కొక్క సగం రెండు చివరలూ ఒకే సరళరేఖలోకి వచ్చేలా చిత్రిక పట్టి, అప్పుడు రెండు సగాలను కలపండి. నా బల్లను చివరికి ఇలాగే నిలబెట్టాను.

*వెల్డింగు చేశాక మూల తప్పింది.* మూలను బిగించే అయస్కాంతపు మట్టం పట్టుకోవడానికే, కొలవడానికి కాదు. నాలుగు మూలలా చిన్న వెల్డు చుక్కలు వేసి, చల్లారాక కర్ణాలు చూసి, సరిచేసి, తరువాత ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా వెల్డు పూర్తిచేయండి. వేడిగా ఉన్న మూలలో స్క్వేర్ పెట్టి చూడడం వల్ల ఏమీ తెలియదు. వెల్డు చేసేటప్పుడు డిజిటల్ గేజ్‌ను ఇనుము మీద ఉంచవద్దు.

*వెర్నియర్ మీద 90 దాటిన కోణం తప్పుగా వచ్చింది.* స్కేలు 0 నుంచి 90కి వెళ్లి మళ్లీ తగ్గుతుంది. విశాలకోణమైతే చదివిన అంకెను 180 నుంచి తీసివేయాలి.

*కాంబినేషన్ స్క్వేర్ నిన్న సరిగా ఉంది, నేడు తప్పింది.* స్కేలు బయటకు తీసి గాడిని పళ్లు తోమే బ్రష్‌తో శుభ్రం చేసి, మర బిగించి మళ్లీ తిప్పి గీసే పరీక్ష చేయండి. పది సందర్భాలలో తొమ్మిదింటికి రజనే కారణం.

*ఎల్ ఆకారపు పెద్ద మట్టం తప్పింది.* ఒకే రేకుతో చేసిన మట్టమైతే దాన్ని దిద్దవచ్చు. కోణం 90 కంటే తక్కువైతే లోపలి మూల దగ్గర సెంటర్ పంచ్‌తో ఒక దెబ్బ కొట్టండి, అక్కడి లోహం సాగి కోణం తెరుచుకుంటుంది. ఎక్కువైతే బయటి మూల దగ్గర కొట్టండి. ప్రతి దెబ్బకూ పరీక్షించాలి. దిమ్మ ఉన్న ట్రై స్క్వేర్ మీద మాత్రం ఈ పని చేయవద్దు.

8. భద్రపరచడం

- పని ముగిశాక పొడి గుడ్డతో తుడిచి, పలుచగా మెషిన్ ఆయిల్ రాయండి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో ఇది రోజూ చేయాలి.
- సుత్తులు, ఉలులు ఉన్న పెట్టెలో వేయవద్దు. గోడకు వేరుగా తగిలించండి.
- వేసవిలో ఎండలో ఉన్న స్టీలు మట్టాన్ని తెచ్చి వెంటనే వాడవద్దు. ఒక వైపే వేడెక్కిన బ్లేడు వంగుతుంది. నీడలో అరగంట ఉంచండి.
- డిజిటల్ గేజ్‌లను వాడనప్పుడు బ్యాటరీ తీసేయండి.
- రోజూ వాడేది ఒకటి, పరీక్షకు మాత్రమే తీసేది ఒకటి ఉంచుకోండి. రెండోదాన్ని గుడ్డలో చుట్టి ఎవరి చేతికీ ఇవ్వకండి.
- నెలకొకసారి తిప్పి గీసే పరీక్ష చేసి, తేదీ, తేడా ఒక పుస్తకంలో రాయండి.
- చేయి జారి నేలమీద పడిన పరికరం చూడడానికి బాగానే ఉన్నా, ఆ పరీక్ష చేసేవరకు దాన్ని తిరిగి గోడకు తగిలించకండి.